స్వత్వ భీమా: భూమి కొనువారును, ఏజెంటు కాగోరువారును తెలిసికొనవలసిన సంగతులు

మన సంఘ సభ్యులలో పలువురి కుమారులును, కుమార్తెలును, అల్లుండ్రును నేడు అమెరికా సంయుక్త రాష్ట్రములలో కాపురముండుచున్నారు. వారచ్చట ఇల్లు కొనునపుడు ఇంటి వెలయు, బ్యాంకి ఖర్చులును గాక, "టైటిల్ ఇన్సూరెన్సు" అను పేర మఱికొంత సొమ్ము చెల్లింపవలసి వచ్చుచున్నది. ఇది యేమి? ఎవరి మేలుకొఱకు? మానివేసిన నేమగును? అని వారు ఊరనున్న తండ్రుల నడుగుచున్నారు. తండ్రులు మమ్ము అడుగుచున్నారు. ఒకరిద్దరు సభ్యులు ఇంకొక ప్రశ్న గూడ వేసిరి. "మా చిన్నవాడు ఆ భీమాకే ఏజెంటుగా చేరవలెనని యోచించుచున్నాడు. చేరుట మంచిదేనా?" అని వారి ప్రశ్న.

ఈ రెంటికిని ప్రత్యుత్తరముగా ఈ వ్యాసమును వ్రాయుచున్నాము. సముద్రము దాటని రైతు సోదరులు దీనిని పరుల సంగతి యని విడువరాదు. ఆ భీమా ఏ ఆపదకై పుట్టినదో ఆ ఆపద మనకు క్రొత్తది కాదు. రొక్కము చెల్లించి, దస్తావేజు రిజిష్టరు చేయించుకొని, పదేండ్లు దున్నిన పిదప, "ఈ భూమిలో నాకును భాగమున్నది" అని ఒకరు కోర్టుకెక్కుట మన తాలూకాలో ఏటేట చూచుచున్నదే.

స్వత్వ భీమా అనగా నేమి?

పంట భీమాయు, పశువుల భీమాయు, జీవిత భీమాయు రాబోవు నష్టమునకై చేయబడునవి. రేపు వాన రాకపోవచ్చును, ఎద్దు చావవచ్చును, ఇంటి యజమాని కాలము చేయవచ్చును. అందుచేత ఏటేటనో, నెలనెలనో ప్రీమియము కట్టుదుము. స్వత్వ భీమా ఇట్టిది గాదు. ఇది జరిగిపోయిన దానికి చేయు భీమా. కొన్ననాటికి పూర్వమే పుట్టి, కాగితముల నడుమ దాగియున్న లోపము తరువాత బయటపడి కొనువానిని నష్టపెట్టినచో, కంపెనీ వ్యాజ్యము నడపి, నష్టమును పాలసీలో వ్రాసిన మొత్తమునకు లోబడి చెల్లించును. ప్రీమియము కొన్ననాడు ఒక్కమారే. ఇల్లు కొన్నవానిచేతను, అతని వారసులచేతను ఉన్నంతకాలము పాలసీ నిలుచును.

దాగియుండు లోపము లెట్టివి? పూర్వపు క్రయపత్రమున సంతకము దొంగది కావచ్చును. అమ్మినవాడు బ్రహ్మచారినని వ్రాసియుండి, భార్య గలవాడై యుండవచ్చును. చనిపోయిన యజమానికి లెక్కకు రాని సంతానముండవచ్చును. తీరిన దనుకొన్న తనఖా తీరకయే యుండవచ్చును. పన్ను బాకీకి ఆస్తిపై ప్రభుత్వపు పట్టు నిలిచియుండవచ్చును. గుమాస్తా రికార్డులో తప్పు పేర నమోదు చేసియుండవచ్చును. వీనిలో కొన్ని ఎంత జాగరూకుడు వెదకినను కనబడవు. దొంగ సంతకమునకును నిజమైన సంతకమునకును రికార్డు పుస్తకమున భేదము లేదు గదా!

ఇది ఎట్లు పుట్టినది?

1868లో పెన్సిల్వేనియా రాష్ట్రపు సుప్రీంకోర్టులో ఒక వ్యాజ్యము తీరెను. దాని పేరు వాట్సన్ మ్యూర్‌హెడ్ వ్యాజ్యము. ఆ కాలమున ఆస్తి కొనువారు, దస్తావేజులు పరిశీలించి వ్రాయుటయే వృత్తిగా గలవారిని నియమించుకొనెడివారు. మ్యూర్‌హెడ్ అట్టి వృత్తిలోనివాడు. ఆయన వెదకగా ఆ ఆస్తిపై ఒక కోర్టు తీర్పు బాకీ కనబడెను. అది ఆస్తిని కట్టివేయునా లేదా యని ఆయన ఒక న్యాయవాది నడిగెను. కట్టివేయదని న్యాయవాది చెప్పెను. ఆ మాట నమ్మి కొనువానికి భయము లేదని తెలిపెను. తరువాత ఆ బాకీ చెల్లునదే యని తేలెను, కొన్నవాడు నష్టపోయెను. అతడు మ్యూర్‌హెడ్ మీద దావా వేయగా, ఆయన అజాగ్రత్త చూపలేదు, మంచి మనసుతో న్యాయవాది సలహా ననుసరించెను, కావున నష్టపరిహారమునకు బాధ్యుడు కాడని కోర్టు తీర్పు చెప్పెను.

ఆలోచింపుడు. పరిశీలించినవాడు నిర్దోషి. కొన్నవాడును నిర్దోషియే. నష్టము మాత్రము కొన్నవానిదే. ఈ తీర్పు చూచి ఫిలడెల్ఫియా నగర ప్రజలు కలతచెందిరి. తప్పు ఎవరిదైనను సరే, నష్టమును తీర్చువారు ఒకరుండవలెనని తలచిరి. 1874లో ఆ రాష్ట్ర శాసనసభ ఇట్టి భీమాకంపెనీలు స్థాపించుకొనుటకు చట్టము చేసెను. 1876లో ఫిలడెల్ఫియాలో మొదటి కంపెనీ ఏర్పడెను. పిమ్మట ఇతర రాష్ట్రములకు వ్యాపించెను.

అయితే అన్ని రాష్ట్రములును ఒకే త్రోవ పట్టలేదు. అయోవా రాష్ట్రమున 1947 నుండి కంపెనీలు స్వత్వ భీమా అమ్ముట నిషిద్ధము. అచ్చట దస్తావేజుల చరిత్రను సంగ్రహించి వ్రాయువారును, దానిని చదివి అభిప్రాయ మిచ్చు న్యాయవాదులును ఉన్నారు. 1985లో ప్రభుత్వమే తక్కువ ఖర్చుతో పూచీపత్రము నిచ్చు ఏర్పాటు చేసినది. ఫ్లోరిడాలో 1948లో న్యాయవాదులే కలిసి స్వత్వములకు పూచీపడు ఒక నిధిని ఏర్పరచుకొనిరి. పదిమంది చేరి ఒకరి నష్టమును భరించుట సహకారుల మగు మనకు పరిచితమైన ధర్మమే.

కొనువాడు ఎఱుగవలసినవి

మొదటి సంగతి. పాలసీలు రెండు విధములు. అప్పిచ్చు బ్యాంకి పేర వ్రాయునది ఒకటి. ఇల్లు కొనువాని పేర వ్రాయునది మఱొకటి. అప్పు తీసికొనువారిని సాధారణముగా బ్యాంకి తన పాలసీ కట్టవలెననును. దాని ఖర్చు మనవాడే పెట్టుకొనును గాని, దాని రక్షణ బ్యాంకికే. అప్పు తీరుచున్నకొలది అది తగ్గిపోవును; అప్పు తీరిననాడు ముగియును. ఇల్లు పోయినచో బ్యాంకికి రావలసిన బాకీ బ్యాంకికి ముట్టును. మనవాడు ముందుగా పెట్టిన సొమ్మును, ఏండ్ల తరబడి కట్టిన కిస్తులును నీళ్ళపాలు. "భీమా కట్టితిమి గదా" అని నిశ్చింతగా నుండి మోసపోవువారు ఈ భేద మెఱుగనివారే. సొంతదారు పాలసీ సాధారణముగా తప్పనిసరి గాదు. అయినను అక్కఱ గలది అదియే. రెండును ఒకేసారి తీసికొన్నచో రెండవదానికి వెల మిక్కిలి తగ్గును.

రెండవ సంగతి. పాలసీకి ముందు కంపెనీ ఒక వాగ్దానపత్రమును పంపును. అందు మొదటి పట్టికలో ఆస్తి వివరములును, మొత్తమును, ఇప్పుడు హక్కుదారు ఎవరనునదియు నుండును. "బి" అను పట్టికలో కంపెనీ దేనికి పూచీపడదో ఆ మినహాయింపు లుండును. కొనువాడు చదువవలసినది ఈ రెండవ పట్టికనే. అందులో వ్రాసిన లోపము ఎంత పెద్దదైనను కంపెనీకి సంబంధము లేదు. సాధారణపు పాలసీలలో, రికార్డుకెక్కక స్వాధీనములో నున్నవారి హక్కులును, సర్వే చేసిననే తెలియు సరిహద్దు తగవులును, రికార్డులేని దారి హక్కులును మినహాయింపబడి యుండును. సర్వే చేయించి చూపినచో వీనిలో కొన్నింటిని తీసివేయించుకొనవచ్చును. కాగితము చేతికి వచ్చిననాడే అడుగవలెను. సంతకములైన పిదప అడిగి ఫలము లేదు.

మూడవ సంగతి. కొనువానికి తెలిసిన లోపమును కంపెనీకి చెప్పక దాచినచో, ఆ లోపమువలన వచ్చిన నష్టమునకు కంపెనీ ఒక్క డాలరు నీయదు. కొన్నతరువాత తానే చేసిన అప్పులకును, తగవులకును గూడ ఈ భీమా వర్తింపదు.

నాల్గవ సంగతి. నష్టపరిహారము పాలసీ మొత్తమును మించదు. మూడు లక్షల డాలర్లకు కొన్న ఇల్లు ఇరువది యేండ్లకు ఆరు లక్షలైనను, పాలసీలో వేఱుగా పెంపు వ్రాసియుండనిచో మూడు లక్షలకే పూచీ. అయినను వ్యాజ్యపు ఖర్చు కంపెనీదే యగుట చిన్న మేలు కాదు. కోర్టు మెట్లెక్కినవానికే దాని విలువ తెలియును.

ఐదవ సంగతి. ఇల్లు అమ్మువాడు ఫలానా కంపెనీలోనే పాలసీ కొనవలెనని నిర్బంధింపరాదు. 1974లో చేయబడిన కేంద్ర చట్టము దానిని నిషేధించి, అట్లు నిర్బంధించినవాడు ఆ ఖర్చునకు మూడింతలు ఈయవలెనని శాసించినది. ఇండ్ల దళారి ఒక పేరు చెప్పినచో దానినే పట్టుకొనక, రెండు మూడు చోట్ల విచారింపవలెను. ఇంతకుముందు ఆ ఇంటికి పాలసీ యున్నచో చాల రాష్ట్రములలో తగ్గింపు వెల దొరకును. అడిగినవారికే అది దొరకును.

ఆఱవ సంగతి. క్రయము ముగియు దినములలో సొమ్ము పంపవలసిన బ్యాంకి లెక్క సంఖ్య మారినదని ఈ-మెయిలు వచ్చినచో నమ్మరాదు. దొంగలు ఏజెంటు పేర అట్టి జాబులు వ్రాసి, జీవితకాలపు కూడబెట్టును క్షణములో హరించుచున్నారు. ముందే తెలిసిన ఫోను సంఖ్యకు మాటలాడి, నిశ్చయపరచుకొని మఱి పంపవలెను.

ఖర్చెంత?

రేటు రాష్ట్రమును బట్టి మారును. టెక్సాసు, ఫ్లోరిడా వంటి చోట్ల ప్రభుత్వమే రేటును నియమించును. ఇతరత్ర కంపెనీలు తమ రేట్లను ప్రభుత్వమునకు దాఖలు చేయును. ఫ్లోరిడాలో దీర్ఘకాలముగా నడచిన లెక్క ఇట్లుండును. మొదటి లక్ష డాలర్లకు వేయికి 5.75 చొప్పునను, ఆపైన పది లక్షలవఱకు వేయికి 5 చొప్పునను. అనగా మూడు లక్షల ఇంటికి మొదటి లక్షకు 575, మిగిలిన రెండు లక్షలకు 1,000. వెరసి 1,575 డాలర్లు. వెదకుటకును, క్రయము ముగించుటకును వేఱే రుసుము లుండవచ్చును.

ఇక్కడ ఒక మాట దాచరాదు. ఈ వ్యాపారమున వసూలైన ప్రీమియములో నష్టపరిహారముగా తిరిగి చెల్లింపబడునది సాధారణముగా నూటికి పదికంటె తక్కువ. తక్కిన భీమాలతో పోల్చిన నిది చాల స్వల్పము. అందుచే దీనిని విమర్శించువారు పెక్కుమంది గలరు. కంపెనీలవారి ప్రత్యుత్తర మేమనగా: "మేము నష్టము తీర్చుటకంటె నష్టము రాకుండ వెదకుటకే సొమ్ము వెచ్చింతుము" అని. ఈ మాటలో సత్యము కొంత యున్నది. మంచి పరిశీలనయే ఈ భీమాకు ప్రాణము. పరిశీలన లేని పాలసీ, గట్టు లేని చెఱువు.

ఏజెంటు కాగోరువారికి

మన దేశమున జీవిత భీమా ఏజెంటు ఇంటింటికి తిరిగి పాలసీలు అమ్మును. అమెరికాలో స్వత్వ భీమా ఏజెంటు పని అట్టిది గాదు. అతడు ఆస్తి చరిత్రను వెదకించును, వాగ్దానపత్రము సిద్ధపఱచును, పాత తనఖాలు తీర్పించును, ఇరుపక్షముల సొమ్మును మధ్యవర్తిగా తన లెక్కలో ఉంచుకొని, సంతకములు ముగిసిన పిదప ఎవరిది వారికి చెల్లించును, దస్తావేజును రికార్డునకు పంపును, కడపట పాలసీ నిచ్చును. మన కరణము, దస్తావేజు లేఖరి, సంఘపు కోశాధికారి ముగ్గురును ఒక్కరైనట్లు!

రాష్ట్రమునకొక విధముగా నియమములున్నవి. ఉదాహరణమునకు ఫ్లోరిడాను తీసికొందము. 18 ఏండ్లు నిండియుండవలెను. 40 గంటల పాఠక్రమమైనను చదువవలెను, లేదా గడచిన 4 సంవత్సరములలో 12 నెలలు ఈ పనిలో అనుభవమైనను గడింపవలెను. రాష్ట్రపు పరీక్షలో ఉత్తీర్ణుడు కావలెను. వ్రేలిముద్ర లీయవలెను. లైసెన్సు వచ్చిన తరువాత ఒక భీమాకంపెనీ అతనిని తన ఏజెంటుగా నియమింపవలెను. నియామకము లేని లైసెన్సు వట్టి కాగితమే. సొంతముగా ఏజెన్సీ పెట్టువాడు 35,000 డాలర్ల ధరావతుగాని, అంతకు పూచీపత్రముగాని ప్రభుత్వమునకు దాఖలు చేయవలెను. తన పొరపాట్లకు వేఱుగా భీమా చేసికొనవలెను. ప్రీమియములో కంపెనీ భాగము నూటికి 30కి తగ్గరాదు, తక్కినది ఏజెంటుదే. అద్దె, గుమాస్తాల జీతములు, వెదకు ఖర్చులు అందులోనుండియే.

మనవారు మఱవరాని నియమ మొకటి కలదు. హెచ్-1బి వీసాపై నున్నవాడు, తనకై దరఖాస్తు పెట్టిన యజమాని పని తప్ప వేఱు కొలువు చేయరాదు. ప్రక్కపనిగా ఏజెంటు కాదలచిన పిల్లవాడు మొదట తన వీసా షరతులు న్యాయవాదికి చూపుకొనవలెను.

ఈ వృత్తిలో రెండు ప్రలోభము లున్నవి. మొదటిది లంచము. పని సాధారణముగా ఇండ్ల దళారులవలనను, అప్పిచ్చువారివలనను వచ్చును. "బేరము పంపితిని, నాకేమిత్తువు?" అను మాట పుట్టుట సహజము. పని పంపినందుకు సొమ్ముగాని, విలువగల మఱియే వస్తువుగాని ఇచ్చుటయు పుచ్చుకొనుటయు 1974 నాటి చట్టము ప్రకారము నేరము. 10,000 డాలర్లవఱకు జుల్మానాయు, ఏడాదివఱకు ఖైదును విధింపవచ్చును. రెండవది పరుల సొమ్ము. ఒక్కొక్క దినమున లక్షల డాలర్లు ఏజెంటు లెక్కలో నిలుచును. అందుండి ఒక వారమునకు వాడుకొని తిరిగి వేయుదమను తలంపే పతనమునకు మొదటి మెట్టు. మన సంఘములలో కార్యదర్శులు కొందఱు చెడిపోయినది ఈ మెట్టు జారియే గదా! లెక్క ఏనాటి కానాడు సరిచూచుకొనువానికి, చిన్న అక్షరములు ఓపికతో చదువువానికి, ఎంతటి మిత్రుడు తొందరపెట్టినను "కాగితము సరిగాలేదు" అని చెప్పగలవానికి ఈ వృత్తి తగును. త్వరగా సంపాదింపవలె నన్నవానికి తగదు. ఇండ్ల అమ్మకములు మందగించిన యేట ఆదాయమును మందగించు ననియు నెఱుగవలెను.

మన దేశపు సంగతి

ఇంత విన్నపిదప, "మనకు ఇట్టి భీమా ఏల లేదు?" అని రైతు సోదరు లడుగవచ్చును. స్వత్వమునకు భద్రత కల్పించు త్రోవలు లోకమున ముఖ్యముగా మూడు. దస్తావేజు నమోదు చేసి ఊరకుండుట ఒకటి. ఆ నమోదుపై కంపెనీ భీమా ఇచ్చుట రెండవది. ప్రభుత్వమే హక్కునకు పూచీపడుట మూడవది. దీనిని 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో రాబర్టు టారెన్సు నెలకొల్పెను.

మనది మొదటి త్రోవ. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ప్రకారము రిజిష్టరగునది దస్తావేజు, హక్కు కాదు. అమ్మువానికి హక్కున్నదో లేదో విచారించు అధికారము రిజిస్ట్రేషను అధికారికి లేదని 2025 ఏప్రిలులో సుప్రీంకోర్టు మఱల చెప్పినది. "సర్కారు ముద్ర పడినది, ఇంకేమి భయము?" అను మాట ఎందఱి కొంపలో ముంచినది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ప్రకారము అమ్మువాడు తన హక్కునకు పూచీపడినట్లే. హక్కు లేనిచో అతనిమీద దావా వేయవచ్చును. అయితే అతడు దొరకవలెను. దొరకినను అతనియొద్ద సొమ్ముండవలెను.

ఆంధ్రప్రదేశమున ప్రభుత్వపు పూచీని తలపెట్టిన భూమి హక్కుల చట్టము 2023లో అమలులోనికి వచ్చి, 2024లో రద్దయ్యెను. కేంద్రము 2016లో చేసిన స్థిరాస్తి నియంత్రణ చట్టపు 16వ సెక్షను, రాష్ట్ర ప్రభుత్వము ప్రకటించినచో, నిర్మాణదారులు భూమి స్వత్వమునకు భీమా చేయవలెనని చెప్పుచున్నది. కొన్ని భీమాకంపెనీలు అట్టి పాలసీలను సిద్ధపఱచినవి గాని, అవి ముఖ్యముగా పట్టణములలోని పెద్ద కట్టడములకు. రెండెకరముల మాగాణి కొను రైతు వాడుకగా తీసికొను పాలసీ మనకింకను ఏర్పడలేదు. కావున భీమా చేయవలసిన పరిశీలనను మనమే చేసికొనవలెను.

రైతు చేయవలసిన పరిశీలన

1. అమ్మువాని క్రయపత్రముతో తృప్తిపడక, అతనికి భూమి ఎట్లు వచ్చెనో, వానికి ముందు వానికెట్లు వచ్చెనో, కనీసము ముప్పదియేండ్ల లంకె దస్తావేజులు చూడవలెను. అసలు కాగితములు చూపుమనవలెను. "నకళ్ళే యున్నవి" అన్నచో అసళ్ళు ఏ బ్యాంకిలో తాకట్టున్నవో విచారింపవలెను.

2. ముప్పదియేండ్లకు ఎన్‌కంబరెన్సు సర్టిఫికేటు తీసికొనవలెను. అయితే అది సర్వజ్ఞము కాదు. వీలునామాలును, నోటిమాట పంపకములును, నడచుచున్న వ్యాజ్యములును అందు సాధారణముగా కనబడవు.

3. భూమి పిత్రార్జితమైనచో వంశవృక్షము వ్రాయించి, ఆడుబిడ్డలతో సహా వారసులందఱి సంతకములు కోరవలెను. 2005 నాటి సవరణ చట్టముచేత కుమార్తెకు కుమారునితో సమముగా జన్మహక్కు కలిగినది; తండ్రి ఆ సవరణనాటికి జీవించియుండ నవసరము లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చినది. 2004 డిసెంబరు 20వ తేదీకి ముందు రిజిష్టరు దస్తావేజుచేత గాని, కోర్టు డిక్రీచేత గాని జరిగిన పంపకములు మాత్రము చెదరవు. "చెల్లెలికి పెండ్లిలో ఇచ్చివేసితిమి" అను మాట హక్కు విడుదల కాదు. ఆమె హక్కును గౌరవించి, ఆమెను అడిగి కొనుట న్యాయము, కొనువానికి క్షేమము.

4. ఆ భూమి నిషేధిత భూముల 22-ఎ జాబితాలో నున్నదేమో చూడవలెను. ప్రభుత్వము పేదలకిచ్చిన అసైన్డు భూముల అమ్మకమును 1977 నాటి చట్టము నిషేధించినది. తరువాతి సవరణలచే కొన్ని సడలింపులు కలిగినవి. కావున ఆ భూమికి అవి వర్తించునో లేదో తహశీల్దారు కార్యాలయమున వ్రాతమూలముగా తెలిసికొననిదే బయానా ఈయరాదు.

5. చేనికి పోయి చూడవలెను. ఎవరు దున్నుచున్నారు? కౌలుదారు ఎవరు? బాట ఎవరి గట్టుమీదుగా? నీరు ఏ బోదెనుండి? ప్రక్క చేని రైతులను నలుగురిని అడిగినచో, కచ్చేరి కాగితము చెప్పని సంగతులు బయటపడును. సర్వేయరుచేత కొలిపించి, హద్దురాళ్ళు చూడవలెను.

6. ఇవన్నియు ఒక న్యాయవాదికి చూపి, అతని అభిప్రాయమును వ్రాతమూలముగా తీసికొనవలెను. ఈ ఖర్చు భూమి వెలలో మిక్కిలి స్వల్పము.

సంఘము చేయదగినది

స్వత్వము చెడినచో చెడునది కొన్నవాడు మాత్రమే గాదు. ఆ భూమిని నమ్మి అప్పిచ్చిన సంఘమును చెడును. అమెరికా బ్యాంకి తనకొక పాలసీ కోరుట ఈ భయముచేతనే. 1929లో మద్రాసులో కేంద్ర భూమి తనఖా బ్యాంకి నెలకొనినపుడు, దాని క్రింది ప్రాథమిక బ్యాంకులు అప్పుకు ముందు స్వత్వ పరిశీలన చేసెడివి. రైతుకు అది ఆలస్యముగా తోచినను, అది అతనికే రక్షణగా నుండెను.

కావున మా సూచన ఇది. ప్రతి సభ్యుడును తన భూమి కాగితముల నకళ్ళతో ఒక కట్ట ఏర్పరచి, ఒక ప్రతిని సంఘమున నుంచవలెను. సంఘములు నాలుగైదు కలిసి, నమ్మకమైన న్యాయవాది నొకరిని నియమించుకొన్నచో, ఒక్కొక్క సభ్యునికి పరిశీలన ఖర్చు తగ్గును. సభ్యుడెవడైనను భూమి కొనదలచినపుడు బయానాకు ముందే, తరువాత గాదు, సంఘ కార్యాలయమున ఒకమారు కాగితములు చూపుట ఆచారము కావలెను. బయానా ఇచ్చినవానికి లోపము కనబడినను కనబడనట్లే యుండును. మనసు అప్పటికే భూమిమీద పడియుండును.

సముద్రమున కావలనున్న బిడ్డలకు మన మాట ఇది: సొంతదారు పాలసీ వేఱుగా తీసికొనుడు, "బి" పట్టిక చదువుడు, తెలిసినది దాచకుడు. ఇక్కడి సోదరులకు మా మాట: మీకు పాలసీ లేదు, కావున మీ కన్నులే మీ పాలసీ. భీమాకంపెనీ పోయిన భూమికి సొమ్మీయగలదు గాని, తాత నాటిన మామిడిచెట్టును, తండ్రి త్రవ్వించిన బావిని తిరిగి ఈయజాలదు. సొమ్ము చేతిలో నుండగనే అడుగవలసిన ప్రశ్నలన్నియు అడిగి కొనుడు.